గడ్డిచామంతి మూట

అనంతపురంలో లాన్ పెంచిన మనిషిని నేను. ఈ ఊరివాళ్లు నవ్వడానికి ఈ ఒక్క మాట చాలు. కుళాయి వచ్చిన రోజు బిందెల చప్పుడుతో కాలనీ అంతా పండగలా ఉండే చోట, బెంగళూరు నుంచి చాపల్లా చుట్టి తెప్పించిన గడ్డిని ఇంటి ముందు పరిపించి, బోరు నీళ్లతో తడిపాను. హైస్కూలు మాస్టరుగా రిటైరయ్యాను. ఉద్యోగమంతా ఎర్రమట్టి గ్రౌండులో పిల్లల చేత ప్రేయరు చేయించి చేయించి, చివరికి కాళ్ల కింద కాస్త పచ్చగా ఉంటే చాలనిపించింది. మా ఆవిడ మొదటి రోజే అడిగింది, "ఈ గడ్డి మనం తింటామా, ఎనుము తింటాదా?" అని. నేను వింటేగా!

గడ్డి బతికింది. దాంతోపాటు గడ్డిచామంతి కూడా బతికింది. సన్నటి పొడుగాటి కాడ, దాని చివర చొక్కా బొత్తామంత పువ్వు, మధ్యలో పసుపు, చుట్టూ నాలుగైదు తెల్లటి రేకులు. గట్టు మీద కనిపిస్తే ఎవరూ తిరిగి చూడరు. నా లాన్‌లో కనిపిస్తే మాత్రం నాకు పొద్దున కాఫీ సహించేది కాదు. లాగితే కాడ చేతికొస్తుంది, వేరు లోపలే ఉండిపోతుంది. వారం తిరక్కుండా ఒకటున్న చోట మూడు లేస్తాయి. నాతో పనిచేసిన లెక్కల మాస్టారు ఒకరోజు గేటు దగ్గరే నిలబడి, "ఏమప్పా, చామంతి తోట పెట్టినావని చెప్పనేలేదే!" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నా కోపం ముక్కు మీదే ఉంటుంది. బడిలో పిల్లలకు తెలుసు, ఇంట్లో మా ఆవిడకు తెలుసు.

పదిహేను రోజులకోసారి, గురువారం నాడు, కలుపు తీయడానికి ఒకామె వచ్చేది. మా కాలనీ వెనక, వానొస్తేనే పారే వంక దాటితే వచ్చే రేకుల ఇళ్లలో ఆమెది ఒకటి. ఊహ తెలిసినప్పటి నుంచి శనక్కాయ చేలల్లో కలుపు తీసిన మనిషి. నన్ను "అన్నా" అనేది, "నువ్వు" అనేది. మా ఆవిడను "వదినా" అనేది. ఒకసారి గడ్డి కత్తిరిస్తూ నేను వేలు కోసుకుంటే, పరుగున వచ్చి గడ్డిచామంతి ఆకులు నాలుగు తుంచి, అరచేతిలో నలిపి, రసం పిండింది. చిటికెలో రక్తం కట్టింది. "దీన్నేనన్నా నువ్వు దినామూ తిట్టేది," అని నవ్వింది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. కలుపు ఎవరు తీస్తే ఆ కలుపు వాళ్లది. కూలి వేరు, మూట వేరు. ఉరవకొండ దగ్గర మా పల్లెలో మా అమ్మ కూడా పొద్దంతా ఊరివాళ్ల చేలల్లో వంగి, సాయంత్రానికి తలమీద మూటతో ఇల్లు చేరేది. ఆ మూట తినే మా ఎనుము పాలిచ్చింది. ఆ పాల మీదే నేను చదువుకున్నాను. ఎంత పిసినారి రైతయినా, కూలిలో ఎంత గీచి గీచి బేరమాడినా, తలమీద మూట ఎత్తుకున్న ఆడమనిషిని ఆపి "అందులో ఏముంది?" అని అడిగిన పాపాన పోలేదు. ఇదంతా నాకు తెలుసు. తెలియకపోతే ఈ రోజు ఇది రాసేవాణ్ని కాదు.

ఆ ఏడు వాన ముఖం చాటేసింది. చేలల్లో విత్తనం పడలేదు. విత్తనం పడని చేలో కలుపు పనీ ఉండదు, మేతా ఉండదు. ఆమెకున్నది ఒక్క మేక. అది సూడిది. "కడుపు చూస్తే ఈతూరి రెండు పిల్లలే అన్నా," అని మురిసిపోయేది. పుట్టింది అమ్మి ఇంటి మీద రేకులు మార్పించుకోవాలని ఆమె లెక్క. చుట్టుపక్కల ఎక్కడా పచ్చటి ఆకు లేదు, బోరు నీళ్లు తాగే నా లాన్‌లో తప్ప. అందులో నేను తిట్టుకునే కలుపే ఆ మేకకు కడుపు నింపేది.

అలాంటి రోజుల్లో ఒక గురువారం, తీసిన చోటే మళ్లీ మొలకలు చూసి, నోటికొచ్చిన మాట అనేశాను.

"ఏమ్మా, వేర్లు కావాలనే వదిలిపెడుతున్నావా? నీ మేకకు మేత తప్పకుండా ఉండాలనా?"

ఆమె చేతిలో కలుపు తీసే తొలిక ఆగిపోయింది. తలెత్తి నా ముఖంలోకి చూసింది.

"ఎంత మాటన్నావన్నా," అంది.

అంతే. పని పూర్తి చేసింది, మూట కట్టుకుంది, వెళ్లిపోయింది. మా ఆవిడ లోపలినుంచి వచ్చి, "మీ నాలుకకు నరం లేదా?" అంది. తప్పని నాకూ తెలుస్తూనే ఉంది. కానీ తప్పని తెలిసేకొద్దీ నాకు కోపం ఇంకా పెరుగుతుంది. అదొక రోగం.

శనివారం పురుగుమందుల అంగడికి పోయాను. అంగడాయన ఒక డబ్బా తీసిచ్చి, "గడ్డికేమీ కాదు సార్. ఆకు కలుపు మాత్రం మూడు నాలుగు దినాల్లో మెలికలు తిరిగి సస్తాది. పశువుల్ని మాత్రం దాని దాపుకు పోనీయద్దండి," అన్నాడు.

"మా ఇంట్లో పశువులు యాడుండాయప్పా!" అని నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఆ సాయంత్రం మా ఆవిడ పేరంటానికి పోవడం చూసి, చేతి స్ప్రేయరుతో లాన్ అంతా మందు కొట్టాను. మా ఆవిడకు ఈ మందులంటే పడదు. డబ్బా స్నానాల గది అటక మీద దాచాను. ఎవరికీ చెప్పలేదు. కలుపు తీసే ఆమె మళ్లీ వచ్చే గురువారానికి ఇంకా పన్నెండు రోజులుందిలే అనుకున్నాను.

తెల్లవారి ఆదివారం. మిద్దె మీద మొహం కడుక్కుని కిందకు దిగేసరికి ఆమె గేటు లోపల ఉంది. పిలవకుండానే వచ్చింది. తొలికతో కాదు, సన్నటి గునపంతో. పొద్దు పొడవకముందే వచ్చినట్టుంది, లాన్‌లో సగం ఖాళీ అయింది. ఆకులన్నీ ఇంకా పచ్చగానే ఉన్నాయి, మందు పడిన గుర్తే లేదు. గోనెసంచి నిండి ఉంది.

"చూసుకో అన్నా," అంటూ ఒక మొక్క ఎత్తి చూపింది. తెల్లటి వేరు తోకతో సహా ఉంది. "అన్నీ ఇట్లే తీసినా. ఒక్క వేరు ఇరిగిండినా నన్నడుగు. ఈ పొద్దు కూలి ఒద్దు."

అప్పుడు చెప్పాలి. "అమ్మా, దానిమీద మందు కొట్టినా, మేకకు వెయ్యొద్దు" అని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబితే, నిన్ను నమ్మలేదు కాబట్టే మందు తెచ్చానని ఒప్పుకున్నట్టే. పక్కన మా ఆవిడ కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది. "సరేలేమ్మా" అన్నాను. ఆమె గోనెసంచి తలకెత్తుకుని గేటు దాటింది.

కాఫీ రెండు గుక్కలు తాగాను. గ్లాసు మెట్టు మీద పెట్టేశాను. సూడి మేక కళ్ల ముందు కదిలింది. స్కూటర్ తీసి వంక వైపు పరుగెత్తించాను.

ఆమె ఇంటి ముందు వీధి కుళాయి. నలుగురైదుగురు ఆడవాళ్లు బిందెలతో ఉన్నారు. గుంజకు కట్టిన మేక ముందు ఆమె అప్పుడే సంచి కుమ్మరిస్తోంది. మేక ఒక పిడికెడు నోట పట్టుకుంది. దారంతా నేను అనుకుంటూ వచ్చిన మాట నిజం చెప్పాలనే. కానీ అన్ని కళ్లూ నావైపు తిరిగేసరికి నా నోట్లోంచి వచ్చింది ఇది:

"ఏయ్, ఆగు! ఆ గడ్డి ఇట్లియ్యి!"

"ఏంటికన్నా?"

"మాకు కావల్ల. ఎరువు గుంతలో వెయ్యాలంటాంది మా ఆవిడ."

చూశారా, ఆ అబద్ధంలోకి మా ఆవిడను కూడా లాగాను.

కుళాయి దగ్గర ఎవరో, "అయ్యో, కలుపు గూడా ఎనక్కి అడిగేటోళ్లుండారా మే!" అంది. మిగతావాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. వంగి, ఒక్కో మొక్కా ఏరి సంచిలో వేసింది. చివరికి మేక దవడ పట్టుకుని, నోట్లో నలుగుతున్న కాడను కూడా బయటికి లాగి, ఆ చొంగతోనే సంచిలో వేసింది. సంచి తెచ్చి నా స్కూటర్ ముందు పెట్టింది.

"చూసుకోండి సార్. ఒక్క పోచ గూడా పెట్టుకోలే."

సార్ అంది. చూసుకోండి అంది. నా తల కొట్టేసినట్టయింది. నిజం చెప్పడానికి ఇంకా సమయముంది. స్కూటర్ తిప్పుకుని వచ్చేశాను. ఆ సంచిని దిబ్బలో పూడ్చిపెట్టాను.

మేక ఎంత మింగిందో నాకు తెలియదు. అడగడానికి ముఖం లేదు. మూడు రోజులు పొద్దునా సాయంత్రం వంక ఇవతలి గట్టు మీద స్కూటర్ ఆపి, అది నిలబడి ఉందా, పడుకుని ఉందా అని దొంగలా చూసి వచ్చాను. నిలబడే ఉంది. ఎవరికి మొక్కాలో తెలియక అందరు దేవుళ్లకూ మొక్కాను.

నాలుగో రోజు లాన్‌లో మిగిలిన కలుపు మెలికలు తిరిగి వాలిపోయింది. మా ఆవిడ అది చూసింది, నన్ను చూసింది.

"మందు కొట్టినారా?"

"ఊ."

"ఆమె మూట తీసుకపోయె కదా!"

జరిగిందంతా చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. మెట్టు మీద కూర్చుంది.

"నిజం చెప్పింటే తిట్టిండేది," అంది. "బాగా తిట్టిండేది. తిట్టి, మళ్లా గురువారం వచ్చిండేది. ఇప్పుడు ఆ వీధిలో ఆమె అడక్కుండా గడ్డి ఎత్తుకొచ్చిన మనిషైపాయ." "నేను పోయి చెప్తా," అని లేచింది.

"వద్దు, నేనే చెప్తా," అన్నాను.

చెప్పలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూనే గడిపేశాను. ఆమె మళ్లీ మా గేటు తట్టలేదు. ఆ ఆదివారం కూలి మా ఆవిడ వేరే మనిషి చేత పంపితే అది కూడా తిరిగొచ్చింది.

మరుసటి ఏడు వానలు కాస్త దయ చూపాయి. గడ్డిచామంతి గింజలు మట్టిలో ఎక్కడ దాక్కున్నాయో, లాన్ అంతా మళ్లీ లేచి పూసింది. నేను మందు ముట్టలేదు, మనిషిని పెట్టలేదు. గేటు బార్లా తెరిచి ఉంచడం మొదలుపెట్టాను.

ఒక సాయంత్రం ఆమె మా వీధిలోకి వచ్చింది. చేతిలో తాడు, తాడుకు ఆ మేక, వెనక ఏపుగా ఎదిగిన రెండు పిల్లలు. రెండు! గంతులేస్తూ వస్తున్నాయి. నా గుండె మీద బరువు దిగినట్టై, వరండాలోంచి గేటు దాకా దాదాపు పరుగెత్తాను. మేక మా లాన్ చూసింది. మెడ సాచి గేటులోకి లాగింది. ఆమె కాళ్లు తన్నిపెట్టి దాన్ని వెనక్కి గుంజుతోంది.

"తిననీలేమ్మా," అన్నాను. "అంతా కలుపే. రోజూ తోలుకురా. ఎంత కావాలంటే అంత కోసుకుపో."

ఆ వెంటనే మిగిలింది కూడా చెప్పాలని నోరు తెరిచాను. నీ మేక నోటికి విషం అందించింది నేనేనని, అది కప్పిపుచ్చుకోవడానికే నిన్ను నలుగురిలో అలా నిలబెట్టానని. చెప్పలేదు. గేటు రెక్కను ఇంకాస్త వెనక్కి నెట్టాను.

ఆమె నావైపు చూసింది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఉన్నమాట చెబుతున్నట్టే చెప్పింది.

"వద్దులే సార్. మళ్లా ఎనక్కి అడుగుతారు."

తాడు చేతికి పొట్టిగా చుట్టుకుని, పిల్లల్ని అదిలించుకుంటూ, రోడ్డుకు అవతలి పక్కనుంచి నడిచి పోయింది.