తొమ్మిది గంటల రొట్టె

నా చిన్నప్పుడు కె.ఆర్.పురం రైలు స్టేషను వెనక మాకొక పెంకుల చర్చి ఉండేది. చర్చి చిన్నది, అభిప్రాయాలు పెద్దవి. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే సంఘమంతా కలిసి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధన. ఆ రోజు అందరికీ పంచే రొట్టెను మా అవ్వ, అంటే మా అమ్మ వాళ్ళమ్మ, శనివారం సాయంత్రమే కాల్చి పెట్టేది. పులవని గోధుమపిండి రొట్టె, పళ్ళెమంత వెడల్పు. ఆదివారం అందులో తన ముక్క తీసుకునేదాకా అవ్వ మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. అది ఎవరో పెట్టిన నియమం కాదు. తనే పెట్టుకుంది కాబట్టి మార్చడం ఎవరి తరమూ కాలేదు.

బడిలో కన్నడం చదివే నాకు తెలుగులో బల్లకీ బలికీ తేడా తెలిసేది కాదు. మా పాస్టరు అయ్యగారు రెండు మాటలూ ఒకే ప్రార్థనలో వాడేవారు. బల్ల మీదికి మేకపిల్ల ఎప్పుడొస్తుందా అని నేను చాలా ఆదివారాలు ఎదురుచూశాను.

ఆ ఏడు సంఘంలో గొడవ వచ్చింది. ద్రాక్షరసం అందరూ ఒకే గిన్నెలోంచి తాగాలా, ఎవరి చిన్న గ్లాసు వాళ్ళకుండాలా అని. పాతవాళ్ళు గిన్నె అన్నారు. వాళ్ళకు పెద్ద, రైల్వేలో రిటైరైన మీసాల తాత. గుంటూరు వైపు నుంచి ఫ్యాక్టరీ పనులకొచ్చిన కొత్తవాళ్ళు గ్లాసులన్నారు. వాళ్ళకు పెద్ద, కళ్ళద్దాల మామ. ఇద్దరూ లేఖనాలు చూపించారు. చివరికి ఎంతో మర్యాదగా విడిపోయారు: గిన్నెవాళ్ళకు ఎనిమిది గంటలకు, గ్లాసులవాళ్ళకు పది గంటలకు. అయ్యగారు ఒక్కరే కాబట్టి అదే ప్రసంగం రెండుసార్లు చేసేవారు. రెండోసారి కాస్త నయమని పదింటివాళ్ళు చెప్పుకునేవారు.

రొట్టె కోసం మాత్రం ఇద్దరూ అవ్వ దగ్గరికే వచ్చారు.

"మాకొకటి వేరేగా కాల్చి పెట్టక్కా," అన్నాడు మీసాల తాత.

"మాకూ ఒకటి అమ్మమ్మగారూ, కాస్త పెద్దది," అన్నాడు కళ్ళద్దాల మామ.

అవ్వ ఇద్దరికీ తలాడించి, ఎప్పటిలాగే ఒక్కటే కాల్చింది. ఎనిమిదికి సగం, పదికి సగం పంపింది. రొట్టెను ఎత్తి పట్టుకుని అందరి ముందూ విరవడం అయ్యగారి పని. ముందే విరిగి వచ్చిన రొట్టెను చూసి ఆయన కాసేపు ప్రార్థన మరిచిపోయారు.

అవ్వ ఆ రోజు వరండాలో బెంచీ మీదే కూర్చుంది. ఎనిమిదికీ లోపలికి పోలేదు, పదికీ పోలేదు. ముక్క తీసుకోలేదు కాబట్టి ఏమీ తినలేదు. పొద్దుగూకాక ఇంట్లో ఇంత గంజి తాగింది. రెండో నెలా అంతే, మూడో నెలా అంతే. ఎవరైనా అడిగితే కడుపులో బాగాలేదనేది. అప్పటికి ఆవిడకు డెబ్బై దాటాయి. నాలుగో నెల బెంచీ మీంచి లేవబోయి గోడ పట్టుకోవడం చూశాను. అవ్వ పడిపోతుందని నాకు భయం పట్టుకుంది.

పదింటి ఆరాధన ఇంకా మొదలు కాలేదు. లోపల బల్ల మీద గుడ్డ కింద సగం రొట్టె ఉంది. ఒక మూల తుంచి, పరుగున తెచ్చి అవ్వ నోటి దగ్గర పెట్టాను. నా వెనకాలే కళ్ళద్దాల మామ వచ్చాడు. వాకిట్లో ఎనిమిదింటివాళ్ళింకా టీ తాగుతున్నారు. దొంగను చూడటానికి మీసాల తాతా వచ్చాడు. నాలుగు నెలల్లో వాళ్ళిద్దరూ ఒకే వైపు నిలబడటం అదే మొదలు, అదీ నా మీదికి.

"ప్రభువు బల్ల మీద దొంగతనమా పాపా?" అన్నాడు మామ.

"అవ్వ పొద్దున్నుంచి ఏమీ తినల్యా. పోయిన నెలా తినల్యా," అని ఏడ్చాను. "ప్రభువు బలి అంటే ఇదేనా?"

"బలి కాదు, బల్ల," అని సరిదిద్దబోయాడు మీసాల తాత.

"బిడ్డ తప్పేం అనలేదప్పా," అంది అవ్వ. "బల్ల ఉండాదంటే ఎవరో బలి అయినారనే కదా. ఆ ప్రభువు ప్రాణమే ఇచ్చినాడు. మీరు గిన్నె వదలరు, వాళ్ళు గ్లాసు వదలరు. నా కాడ ఏముండాది, ఈ పూట కూడు తప్ప? సగం బల్ల కాడ నాకు ముద్ద దిగదప్పా."

మీసాల తాత చేతిలోని టీ గ్లాసు వైపు చూసుకున్నాడు. నాలుగు నెలలుగా వాకిట్లో ఎవరి గ్లాసుతో వాళ్ళు తాగుతున్నామని ఆయనకు అప్పుడే తట్టినట్టుంది.

ఎనిమిదికీ పదికీ మధ్య తొమ్మిది ఉందని పెద్దలు కనిపెట్టడానికి ఇంకో నెల పట్టింది. ఆ ఆదివారం రొట్టె విరగకుండా వచ్చింది. బల్ల మీద గిన్నె ఉంది, గ్లాసులూ ఉన్నాయి. గ్లాసుల పళ్ళెం మీసాల తాతే పట్టుకుని తిప్పాడు, చేదు మందు మింగిన మొహంతో. మామ కళ్ళు గట్టిగా మూసుకుని గిన్నెలోంచి ఒక గుక్క తాగాడు. ఇద్దరూ అభిప్రాయాలు మార్చుకోలేదు, వాటిని ఇంట్లో పెట్టి వచ్చారు. వాళ్ళ సంగతి తెలిసినవాళ్ళకు అది చిన్న బలి కాదు. అవ్వ తన ముక్క తీసుకుని, ఇంటికొచ్చి ఆరు ఇడ్లీలు తింది.

ఇప్పుడు నేను కుందలహళ్ళిలో ఉంటున్నాను. నాకూ అవ్వ వయసు వచ్చింది. ఇక్కడి చర్చిలో గ్లాసుల గురించి ఎవరికీ పేచీ లేదు. పేచీకి మైకులున్నాయి. మొదటి ఆదివారం పొద్దున నేనూ ఏమీ తినను. పళ్ళెం నా దాకా వస్తే ముందు చుట్టూ చూస్తాను, ఎవరు రాలేదా అని. పోయిన నెల పక్క వరుసావిడ రాలేదు. పాటల దగ్గర మైకు కోసం నాతో మాటామాటా వచ్చి రావడం మానేసింది. తప్పు ఆవిడదే, ఇప్పటికీ అంటాను. నా ముక్క తీసుకోకుండానే పళ్ళెం పక్కవాళ్ళకు అందించి, బయటికొచ్చి ఆవిడకు ఫోను చేశాను.

"ఏం చేస్తాండావమ్మా?" అన్నాను.

"దోసె తింటున్నానండీ," అంది పొడిగా.

"నేనింకా తినల్యా," అన్నాను.