డ్రిప్పు పైపులో ఇంటర్నెట్

బడి కంప్యూటర్లను నీళ్ళలో ముంచిన ఘనుడెవరని నల్లమాడ చుట్టుపక్కల ఎవరిని అడిగినా, వేలు నావైపే చూపిస్తారు. కరువు సీమలో వరద తెప్పించిన లెక్కల మాస్టారిని నేనే. ఆ కథ పక్కవాళ్ళ నోట వినీ వినీ అలసిపోయాను. ఇక నేనే చెప్పేస్తాను, వినండి.

కంప్యూటర్ గది నా నెత్తిన ఎలా పడిందంటారా? రోజూ ఫోనులో గుడ్ మార్నింగ్ ఫోటోలు పంపుతానని మా హెడ్ మేడం నన్ను సాంకేతిక నిపుణుడి కింద జమకట్టేశారు. పాత తీగల్ని ఎలుకలు కొరికేశాయి. ఇంటర్నెట్ ఆమె గదిలో ఉంది, కంప్యూటర్లు మైదానానికి అవతల ఉన్నాయి. అంతలో జిల్లా నుంచి కబురొచ్చింది. శుక్రవారం ఆఫీసర్ వస్తారు, కంప్యూటర్లు పనిచేయకపోతే కొత్తచెరువు వైపు బడికి తరలిస్తారు. వాటి మీద మా పిల్లలు పెట్టుకున్న ఆశ నాకు తెలుసు. నిజంగానే భయమేసింది.

ఇచ్చిన నిధులు కొత్త తీగకూ, తీగలన్నీ వచ్చి కలిసే స్విచ్ పెట్టెకూ సరిపోయాయి. తీగకు ఎండ తగలకుండా కప్పే పైపుకు పైసా మిగల్లేదు. అప్పుడు నా బుర్ర వెలిగింది. బోరు ఎండిపోయాక మా నాయన చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, డ్రిప్పు పైపులు ఊరికే పడున్నాయి కదా!

"అవి యాడికి మోస్తాండావురా?" అన్నాడు నాయన.

"బడికి నాయనా. కంప్యూటర్ తీగ దూర్చాల."

"నీళ్ళు పోయే పైపప్పా అది!"

"ఇప్పుడు దాంట్లో ఇంటర్నెట్ పోతాది, చూస్తాండు."

నాయన చూశాడు. ఊరంతా చూసింది.

తీగ దూర్చిన పైపును మైదానం అంచున, వేపమొక్కల వరస పక్కనే పరిచాను. మధ్యలో ఇంకో పైపు తగిలించే పాత టీ జాయింటు ఒకటి నోరు తెరుచుకుని ఉంది. దాంతో ఏం కొంప మునుగుతుందిలే అని వదిలేశాను. గురువారానికి కంప్యూటర్లన్నీ పలికాయి. పిల్లలు చప్పట్లు కొడితే నేను కాలరు సర్దుకున్నాను. ఆ గర్వంలోనే శుక్రవారం పొద్దున వాచ్‌మన్ ఓబులేసును పిలిచి, "ఆఫీసర్ వచ్చేలోగా మొక్కలకు నీళ్ళు పెట్టప్పా, పచ్చగా కనపడాల" అని ఆజ్ఞాపించాను.

ఆఫీసర్, వెనకే మేడం కంప్యూటర్ గదిలో అడుగుపెట్టారు. ఒక పాప మౌస్ పట్టుకుంది. స్విచ్ పెట్టె బుస్సుమంది. కిటికీలోంచి వచ్చిన పైపు కొసన నీళ్ళు! మా ఊరి కుళాయిలో ఏనాడూ చూడనంత ధార!

"కరెంటు తీసేయండి!" అని అరిచి, నేనే పోయి మెయిన్ ఆపాను. మేడం నాకన్నా గట్టిగా అరిచారు. "బకెట్లు తెండప్పా! నీళ్ళు ఊరికే పోతాండాయి!"

పిల్లలు బకెట్లకు, మధ్యాహ్న భోజనం వండే అక్కలు బిందెలకు పరుగెత్తారు. కంప్యూటర్ల కోసం ఏడ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

బయట ఓబులేసు బడి నీళ్ళ ట్యాంకు పైపును టీ జాయింటుకు బిగించి, ఠీవిగా నిలబడి ఉన్నాడు.

"ఏం చేసినావప్పా?"

"డ్రిప్పు మీరే పరిచినారు, నీళ్ళు మీరే పెట్టమన్నారు. తగిలిచ్చినా సార్."

"పైపు గదిలోకి పోతాండాది కదా!"

"లోపల గూడా కుండీలు పెట్టినారేమో అనుకున్నా."

ఆఫీసర్ తడిసిన ప్యాంటు పిండుకుంటూ మైదానమంతా కలియజూశారు. "కంప్యూటర్లు తరలించక తప్పదు సార్. కానీ ఈ కరువులో మొక్కలకు డ్రిప్పు వేసిన బడిని నేనింకెక్కడా చూడలేదు. మీ పేరు అవార్డుకు రాస్తాను" అన్నారు.

ఆరబెట్టిన కంప్యూటర్లను ఆటోలోకి ఎక్కిస్తుంటే పిల్లలే వచ్చి నాకు తలా ఒక చెయ్యి వేశారు. తిట్టినా బాగుండేది. తర్వాత ప్రశంసాపత్రం పటం కట్టించుకుని మరీ వచ్చింది.

"దీన్ని యాడ తగిలిద్దాం మేడం?" అన్నాను.

"కంప్యూటర్ గది ఖాళీగానే ఉండాది కదా సార్."

ఆ పటం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఈ జిల్లాలో నీళ్ళ కోసం పుట్టిన దేనిలోనూ ఇంకొకటి దూర్చను. మళ్ళీ కంప్యూటర్లంటూ వస్తే, తీగను భుజాన వేసుకుని మైదానం మధ్య నేనే స్తంభంలా నిలబడతాను. కాళ్ళు పీకినా సరే, బడి గంట కొట్టేదాకా కదలను.