కెంచడి గురక

మా మేనత్త మారెక్కది గుమ్మఘట్ట మండలంలో కర్ణాటక ఎల్లను ఆనుకొని ఉన్న పల్లె. మామ పోయినాక ఆమెకు మిగిలింది రెండెకరాల చేను, ఒక జత ఎద్దులు. ఆడమనిషి విత్తే గొర్రు పట్టిందని మొదట జనం గట్టున నిలబడి నవ్వినారు. రెండేళ్లకు వాళ్లే తమ చేలల్లో వేరుశనగ విత్తమని ఆమెను పిలిచినారు. నేను అప్పుడు రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే పనిలో ఉన్నాను. ఆదివారం వస్తే చాలు, బస్సెక్కి పోయి ఆమె చేతి జొన్నరొట్టె, ఊరుబిండి పచ్చడి తినేదాన్ని.

ఎర్రెద్దు పేరు కెంచడు. ఒక ఎండాకాలం వాడికి గురక పట్టుకుంది. మేలుకొని నెమరేస్తూనే గుర్రుమనేవాడు. ముక్కులోంచి నెత్తురు కలిసిన చీమిడి కారేది.

"దిష్టి తగిలిందిలే, సంతకు తోలెయ్" అన్నాడు పక్కింటి గోవిందప్ప.

"రోగమొస్తే ఇంట్లో మనిషిని అమ్ముకుంటామా?" అని అత్త కసిరింది.

పశువుల డాక్టరు హేమలత వచ్చి కెంచడి ముక్కులో టార్చి వేసి చూసింది. లోపల కాలీఫ్లవరు మాదిరి కండ పెరిగి ఉంది. నీళ్లు ఎక్కడ తాగిస్తారని అడిగితే ఆమె, అత్త, నేను ముగ్గురం కుంటకు పోయినాం. ఎండకు అది చిన్న మడుగైపోయింది. ఊరి పశువులన్నీ అందులోనే దిగి నిలబడి ఉన్నాయి. డాక్టరమ్మ ఒక గడ్డి దుబ్బు పైకి లాగితే, దాని వేళ్లకు చుట్టలు తిరిగిన చిన్న నత్తలు అంటుకొని వచ్చినాయి.

"ఎద్దు ముక్కు రక్తనాళాల్లో సన్న పురుగులున్నాయి. వాటి గుడ్లు చీమిడితో ఈ నీళ్లలో పడతాయి. పిల్ల పురుగు నత్తలో దూరి, అక్కడ వందలుగా పెరిగి బయటికొస్తుంది. నీళ్లలో నిలబడిన పశువు చర్మం తొలుచుకొని లోపలికి పోతుంది. నత్త లేకపోతే దానికి బతుకు లేదు" అని చెప్పింది.

అత్త తన కాళ్ల వంక చూసుకుంది. "ఈడ దిగినప్పుడల్లా నాకు కాళ్లు దురద పెడతాండాయి. అదీ దీని పనేనా?"

"అయ్యుండొచ్చు. మన చర్మంలో అవి బతకవు, దురద పెట్టి చచ్చిపోతాయి. పశువులకే కష్టం."

"కుంట ఎండితే నత్తలు చావవా?"

"చాలా మటుకు బురదలో అణిగి ఉంటాయి. వాన పడితే మళ్లీ లేస్తాయి."

"మా మాదిరే" అంది అత్త.

వారం వారం సూది మందు పడింది. అత్త అంతటితో ఊరుకోలేదు. ఊరి నీళ్ల ట్యాంకు కింద పగిలిపోయిన సిమెంటు తొట్టిని తానే పూసి, నీళ్లు నింపింది. ఎద్దులు ముట్టలేదు. కుంట వైపే గుంజినాయి. నీళ్లలో తవుడు కలిపి, మూడో రోజుకు తాగించింది. తర్వాత కంప కొట్టుకొచ్చి కుంట దారికి అడ్డం వేసింది.

గోవిందప్ప కొట్లాటకొచ్చినాడు. "మా తాతల కాలం నుంచి ఈ నీళ్లే తాగినాయి!"

"తాగినాయి, గురకా పెట్టినాయి. దయ్యమని మీ తాత వాటి మెడకు తాయెత్తులు కట్టలేదా అప్పా?"

అతను కంప లాగి పారేసి తన ఆవుల్ని కుంటలోకే తోలినాడు. మరుసటి ఏడు అతని ఆవుకు ముక్కు కారింది. ఒక పొద్దున దాన్ని పట్టుకొని తొట్టి దగ్గరికి వచ్చి, తలొంచుకొని నిలబడినాడు. అత్త అతని చేతికి బిందె అందించింది. ఆ తర్వాత తొట్టి నింపడానికి ఇంటింటికీ వంతు పెట్టుకున్నారు. రెండేళ్లలో ఊళ్లో కొత్తగా గురక పట్టిన పశువు లేదు.

కెంచడికి పూర్తిగా నయం కాలేదు గానీ, ఊపిరి తేలికైంది. ఇంకో మూడు పంట కార్లు విత్తనం వేసి, ముసలితనంతో చేలోనే ఒరిగిపోయినాడు. తోలుకు అడిగినవాళ్లను అత్త గడప తొక్కనీయలేదు. నలుగురిని పిలిచి గుంత తీయించింది. నాలుగు రోజులు ఆమెకు ముద్ద దిగలేదు. జత లేని రెండో ఎద్దును తన చెల్లెలికి ఇచ్చేసింది.

ఇప్పుడు ఆమె చేను ట్రాక్టరు విత్తుతుంది. మొన్న పోయినప్పుడు, "పని సులువైంది కదత్తా" అన్నాను.

"సులువే. ఒక్క పూటలో అయిపోతాది. పొద్దంతా వాటితో మాట్లాడుకుంటా విత్తేదాన్ని. దీంతో ఏం మాట్లాడేది?" అని కొంగుతో మొహం తుడుచుకుంది.