బోటు దిగని హన్నమ్మ

కొల్లేటి ఒడ్డున ఆ లంకకు ఫైబర్ బోటు వచ్చిన రోజు హన్నమ్మ పట్టుచీర కట్టుకుంది. మరి ఆ బోటు తెప్పించింది ఆమే. అంగన్‌వాడీ టీచరుగా ఏలూరులో మూడు రోజులు వరదల ట్రైనింగుకు వెళ్లి, ఊళ్లో కమిటీ వేయించి, ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే ఏడాదికి వచ్చింది. "ముసలివాళ్లు, పసిపిల్లలు, కడుపుతో ఉన్నవాళ్లు. వరదొస్తే ముందు వీళ్లే ఎక్కాలండీ," అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అందరూ "అలాగేనండి టీచరుగారూ" అన్నారు. ఈ ఊళ్లో ఆ మాటకు ఏనాడూ లోటు లేదు.

2003లో వరద వచ్చింది. పొద్దున్నే కబురు అందగానే హన్నమ్మ రేవుకు పరుగెత్తింది. రేవులో బోటు లేదు. మగవాళ్లు చేపల చెరువుకు పట్టుకుపోయారు. వరద నీరు గట్టు దాటిందంటే ఊరి ఉమ్మడి చెరువులో చేపంతా కొల్లేట్లోకి పోతుంది. అందుకని గట్టు చుట్టూ వెదుళ్లు పాతి, ఎత్తుగా వలలు కడతారు. ఆ వెదుళ్లూ వలల కట్టలూ మోయడానికి ఫైబర్ బోటంత వీలైనది మరొకటి లేదు. తీసుకెళ్లినవాళ్లలో అందరికంటే ముందున్నది హన్నమ్మ మొగుడు వరదానమే.

అప్పటికి ఊళ్లో పుష్పలత అనే అమ్మాయికి నెలలు నిండాయి. నొప్పులు మొదలయ్యేసరికి వీధిలో మోకాలి లోతు నీళ్లు. ఆమెను తాటిదోనెలో పడుకోబెట్టి, హన్నమ్మా ఇంకో ఇద్దరు ఆడవాళ్లూ నడుంలోతు నీళ్లలో తోసుకుంటూ రోడ్డు దాకా తీసుకెళ్లారు. దోనె రెండుసార్లు ఒరిగింది.

బిడ్డ ఏలూరు ఆసుపత్రిలో పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. అదే హన్నమ్మ కొంప ముంచింది.

"ఎవరికీ ఏం కాలేదుగా!" అన్నాడు వరదానం. "చెరువులో ఇంటికో వాటా ఉంది. చేప పోతే ఏడాదంతా ఏం తింటాం?"

"ఏవండీ, దోనె తిరగబడుంటే ఏం తినేవాళ్లం?"

ఆయన ఆ మాట పట్టించుకోకుండా చెరువుకు బయల్దేరాడు. కమిటీ మీటింగులోనూ అంతే. ఆమె మాట్లాడినంతసేపూ తలలూపి, ఆఖర్న వలలు త్వరగా కట్టినందుకు వరదానానికి చప్పట్లు కొట్టారు. హన్నమ్మకు ఒళ్లు మండిపోయింది. ఎవరైనా పోయి ఉంటే ఫొటోకు దండేసి చెప్పేది. బతికినవాళ్లను చూపించి ఎవరిని నమ్మిస్తుంది?

2005 సెప్టెంబరులో మళ్లీ హెచ్చరిక వచ్చింది. ఈసారి హన్నమ్మ ముందే వెళ్లి బోటెక్కి కూర్చుంది. ఒకటే వాన. వరదానం వచ్చి బతిమాలాడు, తిట్టాడు, పదిమందిలో పరువు తీస్తున్నావన్నాడు. ఆమె తెడ్డు ఒళ్లో పెట్టుకుని కదల్లేదు. చివరికి మగవాళ్లు వెదుళ్లు భుజాలకెత్తుకుని గొణుక్కుంటూ పోయారు.

కాసేపటికి పుష్పలత వచ్చింది. చంకలో రెండేళ్ల కూతురు, నెత్తిన గోనెసంచి. హమ్మయ్య, ఒక్కరైనా ఎక్కడానికి వచ్చారనుకుని హన్నమ్మ చేతులు చాచింది.

"దా అమ్మాయ్. ముందు పిల్లనిలా ఇవ్వు."

"ఎక్కడానికి కాదు పిన్నిగారూ. మా వైపు గట్టుకి ఇంకా వల కట్టలేదండి. ఆయనొక్కరే అవస్థ పడుతున్నారు. ఒక్క గంట బోటు ఇవ్వరూ?"

దోనెలో పుష్పలత పెట్టిన కేకలు హన్నమ్మ చెవుల్లో ఇంకా ఉన్నాయి.

"నీకు గుర్తులేదా?"

"ఎందుకు లేదండీ? మీరే కదా ఒడ్డుకు చేర్చారు. ఇప్పుడూ మీరున్నారుగా."

"ఎక్కు. నువ్వూ పిల్లా ఎక్కితే కదులుతుంది. వలలకు కదలదు."

పుష్పలత పిల్లను పైకి ఎగదోసుకుని చెరువు వైపు నడిచింది.

హన్నమ్మ కోపంతో ఏడ్చేసింది. ఈసారి నీళ్లు రావాలి, ఇళ్ల చూరుల దాకా రావాలి, అప్పుడుగానీ వీళ్లకు తెలిసిరాదు అనుకుంది. అలా అనుకుంటూనే తలెత్తి చూస్తే, వానలో పిల్ల తల మీద కొంగు కప్పుతూ పుష్పలత గట్టెక్కుతోంది.

"ప్రభువా, ఇప్పుడు నేననుకున్నది వినకు తండ్రీ," అంది హన్నమ్మ, పైకే.