పాలు మాన్పించడానికి రేపల్లె ప్రయాణం

బాపట్ల నుంచి రేపల్లెకి నేను ఆ రోజు ఎందుకు బయల్దేరానో యాభై ఏళ్ళుగా ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. నా ప్రయాణాల రాతలు చదివేవాళ్ళలో ఈమధ్య పసిపిల్లల తల్లులు ఎక్కువయ్యారు. నెలల పిల్లతో రైల్లో వెళ్ళొచ్చా, దారిలో విరేచనాలు పట్టుకుంటే ఏం చెయ్యాలి, ఏమీ తాగనని మొండికేస్తే ఎలా అని అడుగుతున్నారు. గుళ్ళ గురించీ హోటళ్ళ గురించీ ఇన్ని కబుర్లు చెప్పినదాన్ని, నాకు నిజంగా తెలిసిన ఈ ఒక్క సంగతినీ దాటేస్తూ వచ్చాను. చెప్పాలంటే సిగ్గు. అయినా చెబుతాను.

డెబ్భైల మొదట్లో మాట. మా పెద్దమ్మాయి పద్మకి పదో నెల. అప్పటికే నాకు మళ్ళీ మూడో నెల. మావారు బాపట్లలో లెక్కల మాస్టారు, అత్తగారిది మడీ ఆచారమూ గట్టిగా ఉన్న ఇల్లు. ఏడాదైనా తిరక్కుండా మళ్ళీనా అని వీధిలో ఆడవాళ్ళు నవ్వుతారని నాకు ఒకటే బెంగ. ఆ రోజుల్లో ఏ గోడ చూసినా కుటుంబ నియంత్రణ వాళ్ళ ఎర్ర త్రికోణం బొమ్మే. అది నన్నే వేలెత్తి చూపిస్తున్నట్టుండేది. కడుపుతో ఉన్న తల్లి పాలు చంటిపిల్లకి పడవని అత్తగారు తేల్చేశారు, వేపాకు నూరి గిన్నెలో పెట్టి ఇచ్చారు. నూరింది ఆవిడే కానీ రాసుకున్నది నేను. పాప ఆత్రంగా నోరు పెట్టింది, చేదు తగలగానే వెనక్కి తగ్గి నా మొహంలోకి చూసింది. అలా రెండు రోజులు చేశాను. పాలసీసాలో గేదెపాలు పోసి పట్టడం మొదలుపెట్టాం. ఇక రేపల్లెలో మా అమ్మ దగ్గర ఓ నెల్లాళ్ళు వదిలేసి వస్తే పాలు పూర్తిగా మర్చిపోతుందని ఇంట్లో అనుకున్నారు. అప్పట్లో పిల్లల్ని పాలు మాన్పించడానికి అమ్మమ్మగారింటికి పంపడం మామూలే. నా ప్రయాణం అందుకు.

సీసాపాలు మొదలైన దగ్గర్నుంచీ పాపకి విరేచనాలవుతున్నాయి. బయల్దేరే రోజు తెల్లవారి కూడా రెండుసార్లయ్యాయి. చెబితే ప్రయాణం ఆగుతుంది, ఆగి డాక్టరుని పిలిస్తే నా కడుపు సంగతి వీధిలో పడుతుంది. అందుకని గుడ్డలు గబగబా ఉతికేసి నోరు మూసుకున్నాను. స్టేషన్‌కి తీసుకెళ్ళిన జట్కా అతను సామాను దించుతూ పాపని చూశాడు. "పాప డీలా పడిపోయిందేంటమ్మా? ఎండెక్కకముందే చేరిపోండి" అన్నాడు. మావారు కూడా అప్పుడే చూశారు. "ఒంట్లో బావుందా దీనికి?"

"పళ్ళొస్తున్నాయండి" అన్నాను. ఆ రోజు నేనాడిన మొదటి అబద్ధం అది.

ఏడు గంటల ప్యాసింజరు ఎక్కించి ఆయన బడికి వెళ్ళిపోయారు. బాపట్ల నుంచి తెనాలికి ఇప్పుడైతే ముప్పావుగంటలో దిగొచ్చు, అప్పుడు బొగ్గు బండి అప్పికట్ల దగ్గరా ఆగేది, పొన్నూరు ఊరి స్టేషనైన నిడుబ్రోలులోనూ ఆగేది, ఎందుకాగిందో తెలియని చోటా ఆగేది. వేసవిలో ఆ దారిన వెళ్ళేవాళ్ళు పొద్దుటి బండికి ఎడమచేతి వైపు కూర్చోండి, ఎండ తగలదు. నిడుబ్రోలులో పాపకి మళ్ళీ అయింది. సీసా నోట్లో పెడితే పాలపీకని నాలికతో తోసేసింది. దవడలు నొక్కి కాసిని పాలు పోశాను. అవన్నీ నా భుజం మీద కక్కేసింది. తెనాలిలో దిగేసరికి ఎనిమిదిన్నర దాటింది. రేపల్లె బండి పది గంటలకి. పాప ఏడుపు మానేసింది. హమ్మయ్య, నెమ్మదించింది అనుకున్నాను. అసలు దానికి ఏడవడానికి ఓపిక లేదు.

బెంచీ మీద కూర్చున్నాక పక్కకి ఒకావిడ వచ్చి చేరింది. నలభై ఏళ్ళుంటాయి. ముందురోజు ఎండుచేపలు తెచ్చి తెనాలిలో అమ్ముకుని, ఖాళీ గంపతో అడవులదీవి తిరిగి వెళుతోంది. రేపల్లె దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. గంప ఖాళీయే కానీ వాసన దానితోనే ఉంది. నేను ముక్కు దగ్గర కొంగు పెట్టుకుని బెంచీ చివరికి జరిగాను. ఆవిడ అదేమీ పట్టించుకోలేదు, పాపనే చూస్తోంది.

"పిల్లకి కళ్ళు లోపలికి పోయినయ్యేంటమ్మా? ఎన్నిసార్లయింది?"

నేను పాప మొహం మీదికి గుడ్డ లాగాను.

"పాలియ్యమ్మా ముందు."

"పాలు లేవు. ఎండిపోయాయి" అన్నాను ముక్తసరిగా.

సరిగ్గా అప్పుడే పాప సన్నగా మూలిగింది. మూలిగితే చాలు, నా ఒంటికి తెలిసిపోయేది. ఆవిడ నా వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. "పాలు లేకపోతే ఆ రవికేంటి తల్లీ, అట్టా తడిసిపోయింది?"

తల కొట్టేసినట్టయింది. పమిట లాక్కున్నాను. ఎదురుగా గోడ మీద ఆ ఎర్ర త్రికోణమే. ఎందుకో తెలియదు, ఇంట్లో ఎవరితోనూ మనసు విప్పనిదాన్ని ఆ మనిషికి అంతా చెప్పేశాను. మూడో నెలనీ, వేపాకనీ, అమ్మమ్మ దగ్గర వదిలెయ్యడానికి తీసుకెళుతున్నాననీ.

"అంతేనా? నా రెండోవోడు కడుపులో ఉండంగా పెద్దోడు తాగలా? ఇద్దరూ ఇప్పుడు పడవ మీద పోతన్నారు. పో, ఆ కొళాయి కాడ శుభ్రంగా కడుక్కుని రా."

కడుక్కుని వచ్చి పాపని దగ్గరికి తీసుకున్నాను. పెదాలు బిగబట్టి మొహం అవతలికి తిప్పేసుకుంది. ఇంకోసారి ప్రయత్నించాను. ఈసారి చిన్న చెయ్యి అడ్డం పెట్టింది. నా బిడ్డకి నన్ను చూస్తే భయం. అది నేను నేర్పిన భయం. ఇన్నేళ్ళలో నేను పడ్డ సిగ్గులన్నీ ఒక ఎత్తు, ఆ చిన్న చెయ్యి ఒక ఎత్తు.

ఆవిడ కసరలేదు. "మరుస్తదిలే. ముందు ఒంట్లో తడి నిలవాలి. ఆ క్యాంటీన్లో అన్నం వారుస్తుంటారు, నన్ను లోపలికి రానియ్యరు, నువ్వే పోయి పల్చటి గంజి అడుగు. చిటికెడు ఉప్పు, అంతకి మించి వెయ్యనియ్యమాక" అంది. వంటాయన ముసలాయన. సంగతి వినగానే గరిట పక్కన పెట్టేశాడు. "ఇప్పుడే వార్చానమ్మా. కాచిన నీళ్ళు కలిపి, తిరగబోసి చల్లార్చిస్తాను, ఉండండి. గ్లాసు తర్వాత ఇద్దురుగానిలే" అని గబగబా రెండు గ్లాసుల మధ్య తిరగబోశాడు.

"నా కొంగు చేపల వాసన, నీ సంచిలో ఉతికిన గుడ్డ తియ్యి" అంది ఆవిడ. గుడ్డ కొస గంజిలో ముంచి పాప పెదవికి తాకించి ఊరుకుంది. కాసేపటికి పాప నాలిక బయటికి వచ్చింది. పెదవి తడుముకుని లోపలికి పోయింది. మళ్ళీ ఒక చుక్క. నాకు ప్రాణం లేచొచ్చి గ్లాసెత్తి పోయబోయాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. "పొయ్యమాక తల్లీ. తొందరపడితే అంతా కక్కుద్ది. తడిపి ఊరుకో, అదే చప్పరిస్తది."

అరగంటలో ఎంత లోపలికి పోయిందో, గట్టిగా చూస్తే నాలుగైదు చెంచాలు. కానీ కక్కలేదు. ఇంతలో రేపల్లె బండి వచ్చింది. నాన్నగారు అక్కడ స్టేషన్లో ఎదురు చూస్తుంటారు. బండెక్కితే గంటన్నరలో పుట్టిల్లు. డాక్టరు దగ్గరికి వెళితే అన్నీ చెప్పాలి. సంచీ పట్టుకుని లేచి నిలబడ్డాను. పిల్ల ఒళ్ళు వేలాడిపోతున్నా నా కాళ్ళు బండి వైపే లాగాయి.

"రేపల్లె యాడికీ పోదు. సాయంత్రం ఇంకో బండుంది" అంది ఆవిడ. "పిల్ల ఆగుద్దా అందాకా?"

తను కూడా ఎక్కలేదు. ఇద్దరం చూస్తుండగానే బండి వెళ్ళిపోయింది. పాపని తనే ఎత్తుకుంది. రిక్షా అతనికి పిల్లల్ని చూసే డాక్టరెవరైనా సరే దగ్గర్లో అని చెబితే పది నిమిషాల్లో ఒక లేడీ డాక్టరు దగ్గర దింపాడు. డాక్టరు గారు పాప పొట్ట మీద చర్మం పట్టి వదిలి చూశారు, మాడు తడిమారు. "ఎప్పట్నుంచమ్మా?"

"ఈ రోజు పొద్దుట్నుంచండి."

గుమ్మం దగ్గర గంప పట్టుకుని నిలబడ్డ ఆవిడ నా వైపు చూసిందంతే. "కాదండి, రెండు రోజులైంది" అన్నాను. తర్వాత కడుపు సంగతీ, వేపాకు సంగతీ, గంజి సంగతీ బయటికి వచ్చాయి. డాక్టరు గారు అరుస్తారనుకున్నాను, అరవలేదు. అలసటగా నవ్వారు. "నీ పాలు తాగితే కడుపులో ఉన్నదానికీ ఏం కాదు, దీనికీ ఏం కాదు. నీ పాలు మాన్పించి సీసా పట్టడం వల్లే వచ్చిందిదంతా. ఇప్పుడు చేసినట్టే రెండు మూడు నిమిషాలకో చెంచా పట్టు. కక్కితే పది నిమిషాలాగి మళ్ళీ పట్టు. సాయంత్రంలోగా ఉచ్చ పోస్తే సూదుల పని లేదు, లేకపోతే సెలైనెక్కించాలి. గంజి పట్టాలని భలే తోచిందే నీకు!" అన్నారు.

నాకు తోచలేదని చెప్పడానికి నోరు తెరవాలి. తెరవలేదు.

డాక్టరు గారు ఇప్పించిన గంజి, చెంచా తీసుకుని వరండాలో కూర్చున్నాం. చెంచా ఒకసారి ఆవిడ చేతిలో, ఒకసారి నా చేతిలో. గడియారం చూసి పట్టడం, పెదవి చూసి ఆగడం. మధ్యలో రెండుసార్లు కక్కింది, పది నిమిషాలాగి మళ్ళీ మొదలుపెట్టాం. మూడు గంటలవేళ నా ఒళ్ళో వెచ్చగా తడి తగిలింది. ముందు అర్థం కాలేదు. ఆవిడ ఫక్కున నవ్వింది. "చీర పోతే పోయింది తల్లీ, పిల్ల దక్కింది!" నేను ఏడ్చాను. పాప కూడా ఏడ్చింది, ఈసారి కన్నీళ్ళతో. డాక్టరు గారు మళ్ళీ చూసి, చెంచా మాత్రం ఆపొద్దని చెప్పి పంపించారు.

సాయంత్రం ఐదున్నర బండెక్కాం. వేమూరు దాటాక పాప మగతలోనే నా వైపు తిరిగి, ముక్కుతో వెతుక్కుని, నోరు పెట్టింది. ఈసారి వదల్లేదు. ఆవిడ గంప తీసి మాకు అడ్డంగా పెట్టి, కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. రేపల్లె వచ్చేదాకా ఆ గంప అలాగే పట్టుకుంది.

రేపల్లెలో దీపాలు పెట్టే వేళైంది. పాపని తనే ఎత్తుకుని ముందు దిగింది, వెనక నేను. ఎదురుగా నాన్నగారు, నుదుట విభూతి, భుజాన ఉత్తరీయం. పొద్దుటి బండికి వచ్చి చూసుకుని, సాయంత్రం మళ్ళీ వచ్చారు. పాప ఎవరి చేతుల్లో ఉందో చూసి ఆగిపోయారు. నేను గబుక్కున పాపని లాక్కున్నాను.

"ఎవరే ఆవిడ?"

"ఎవరో నాన్నగారూ. దిగేటప్పుడు పాపని అందుకుంది."

ఆవిడకి మూడడుగుల దూరంలో నిలబడి అన్నాను ఆ మాట. వినబడింది. పాప వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని గంప నెత్తిన పెట్టుకుంది. "జాగ్రత్తండీ అమ్మాయిగారూ" అంది. రోజంతా తల్లీ అని పిలిచిన మనిషి. ఏరు దాటాక తెప్ప తగలేశానని నాకు అప్పుడే తెలుసు. తెలిసే నడిచి వెళ్ళిపోయాను. ఇంటికెళ్ళగానే అమ్మ, "చేపల కంపేంటే?" అని ఇద్దరికీ తలంటు పోసింది. రైల్లో పక్కన ఎవరో కూర్చున్నారని చెప్పాను.

పద్మని రేపల్లెలో వదల్లేదు. పది రోజులకి నాతోనే బాపట్ల తెచ్చుకున్నాను. అత్తగారితో జీవితంలో మొదటిసారి ఎదురు మాట్లాడాను. తర్వాత పుట్టిన తమ్ముడూ అదీ ఇద్దరూ తాగారు, ఇద్దరూ బాగున్నారు. అమ్మానాన్నలు పోయాక ఒకసారి రేపల్లె నుంచి బస్సులో అడవులదీవి వెళ్ళాను. తెనాలిలో ఎండుచేపలు అమ్మే ఆవిడ కోసం వచ్చానంటే, "ఆ పని చేసినోళ్ళు చానామంది అమ్మా, పేరేంటి?" అని అడిగారు. చెంచా మార్చుకుంటూ పొద్దల్లా పక్కన కూర్చున్నానే, అడగాలని తోచనే లేదు. తిరుగు బస్సులో నా మీద నాకే అసహ్యం వేసింది. పద్మకి ఈ సంగతి మీతో పాటే ఇప్పుడే తెలుస్తుంది. దాని ప్రాణం నిలబెట్టిన చెయ్యి ఎవరిదో చెప్పాలంటే నా దగ్గర ఉన్నది ఒక ఊరి పేరు మాత్రమే.

పసిపిల్లతో బయల్దేరేవాళ్ళు రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, కాచి చల్లార్చిన నీళ్ళు, ఒక చెంచా సంచిలో పైనే పెట్టుకోండి. ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్ళలోనే కలపండి. తాగనంటే బలవంతాన పొయ్యకండి, రెండు మూడు నిమిషాలకో చెంచా పెదవికి తాకించండి, తల్లిపాలు ఆపకండి. ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా, పిల్ల మత్తుగా ఉన్నా, ఆరు గంటలుగా ఉచ్చ పొయ్యకపోయినా, ఏది తాగినా కక్కేస్తున్నా తర్వాతి స్టేషన్లోనే దిగి డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఇల్లు చేరేదాకా ఆగొద్దు. చెంచా పట్టడానికి పక్కనెవరైనా చెయ్యి కలిపితే, వాళ్ళు దిగిపోకముందే పేరు అడగండి.