క్లచ్చుకి అతికించిన పైపు

పాత ట్రాక్టర్ల పిచ్చి నాకు రిటైరయ్యాక పట్టింది. అంతకుముందు ఉద్యోగమంతా పాలిటెక్నిక్ వర్క్‌షాపులో, పిల్లల చేత ఇనప ముక్కలను ఆకురాయితో అరగదీయించడమే. అర మిల్లీమీటరు తేడా వచ్చినా ముక్క తీసి మూలకు విసిరేవాణ్ణి. ముక్కు మీద కోపం మనిషినని పేరు. పింఛనుతో పాటు ఆ కోపం కూడా నాతో ఇంటికి వచ్చింది. ఇంట్లో చూపిస్తే చెల్లదు కనుక షెడ్డులో చూపించుకునేవాణ్ణి.

తిరుపతి నుంచి చంద్రగిరి పోయే దారిలో మా ఇల్లు. ఇంటి వెనక రేకుల షెడ్డు. నేను తెచ్చేవి పెద్ద ట్రాక్టర్లు కావు. మామిడి కొమ్మల కింద తల వంచుకుని దూరిపోయేంత చిన్నవి, ఒకప్పుడు తోపులు దున్నడానికి మా వైపు వాళ్ళు తెచ్చుకున్నవి. ఇప్పుడు పశువుల కొట్టాల వెనక, తీగలు అల్లుకుని పడి ఉంటాయి. వాటిని తెచ్చి, నట్టు నట్టూ విప్పి, తుప్పు గీకి, కంపెనీ నుంచి దిగిన రోజు ఎట్లా ఉండేదో అట్లా నిలబెట్టడం నా సరదా. అందులో నాకు ఒక్కటే పట్టింపు. మధ్యలో ఎవరెవరో చేసిన అతుకులు, మార్పులు ఒక్కటి కూడా మిగలకూడదు. వేరే సైజు బోల్టు ఒకటి కనిపించినా నాకు అన్నం సయించదు. బండ్ల మోకాళ్ళకు గ్రీసు పెట్టే మనిషికి పెళ్ళాం మోకాళ్ళు కనపడవని మా ఆవిడ దెప్పేది. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు.

నాకు తోడు పాకాలలో షెడ్డు ఉన్న సాయిబు మేస్త్రీ. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అందరూ పిలిచినట్టే నేనూ భాయ్ అంటాను. ఇంజనుతో ఉర్దూలో మాట్లాడతాడు, నాతో తెలుగులో. ఇంజనుతోనే ఎక్కువ మాట్లాడతాడు.

ఆ బండి సంగతి చెప్పింది భాయే. పాకాల దాటాక ఒక పల్లెలో, పాతిక ముప్పై ఏళ్ళుగా మన వైపు కనపడని రకం ఉందని. ఇద్దరం బస్సు దిగి నడిచి వెళ్ళాం. ఇంటి ముందు పందిరి కింద మంచం మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. యాభై దాటి ఉంటాయి. మేము వచ్చినా లేవలేదు. కూర్చునే నమస్కారం పెట్టి, కూర్చునే రమ్మన్నాడు. జీవితమంతా నేను గది లోకి పోతే నలభై మంది లేచి నిలబడ్డారు. ఈయన లేవకపోయేసరికి నాకు ఒళ్ళు మండింది. తోపు ఉన్నవాడి పొగరు అనుకున్నాను. ఆ తర్వాత ఆయన వైపు సరిగా చూడను కూడా లేదు. కొట్టం పక్కన రేకు కింద ఉన్న బండి మీదే నా కళ్ళన్నీ.

అమ్ముతావా అని అడిగాను.

"అమ్మేదానికి కాదు సార్," అన్నాడు. "తోపు కొట్టించేస్తా ఉండాము. చెట్లు ముసిలివైపోయినాయి, కాపు లేదు. కొట్టే లోపల ఒక తూరి ఈ బండితో తోపంతా దున్నాల. మా నాయన నేర్పించినాడు నాకు. నేనే తోలాల."

కొట్టేసే తోపుకి దుక్కి దేనికని అడిగాను. ఆయన నవ్వాడు. తొలి వానలు పడేసరికి బండి నడిస్తే చాలన్నాడు. నాకు కావలసింది ఆ బండి మీద చెయ్యి వేయడం. సరేనన్నాను. రెండు రోజుల్లో ఆయన బావమరిది దాన్ని లారీలో తెచ్చి మా షెడ్డులో దించి వెళ్ళాడు.

ఇంజను పూర్తిగా పట్టేసి ఉంది. పిస్టన్ మీద డీజిలు, కిరోసిను కలిపి పోసి, రోజూ పొద్దున హ్యాండిల్ పెట్టి ఇటు కొంచెం అటు కొంచెం కదిపేవాళ్ళం. నెల రోజులకు ఒక పొద్దున అది నిట్టూర్చినట్టు కదిలింది. భాయ్ దాని తల నిమిరాడు. తర్వాత రింగులు, పంపు, రేడియేటరు. రంగు కోసం సీటు కింద ఎండ తగలని చోట గీకి, అసలు రంగు పట్టుకున్నాను. అది దొరికిన రోజు మా ఆవిడని షెడ్డుకి పిలిచి మరీ చూపించాను. బాగుంది, కూరలోకి ఉప్పు తెమ్మన్నాను కదా అంది.

ఆ బండికి ఒక్కటే నా కళ్ళకు గుచ్చుకుంటూ ఉండేది. క్లచ్ పెడల్ అసలుది కాదు. ఎవరో కొట్టించిన ఇనప కమ్మి. దాని మీద నీళ్ళ పైపు ముక్క ఒకటి నిలువుగా అతికించి ఉంది, సీటు పక్కదాకా వచ్చేటట్టు. పైన సైకిలు పిడికి వేసే రబ్బరు తొడుగు. రబ్బరు అరిగిపోయి నున్నగా, వేళ్ళ గుంటలు పడి ఉంది. పైపు అడుగున వదులై, కదిపితే గడగడమనేది.

కటింగ్ మిషన్ చేతికి తీసుకున్నాను. భాయ్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"సార్, ఇది ఊరికే పెట్టింది కాదు. చేసినోడు ఎవురికోసరమో చేసినాడు. ఒక మాట అడిగి కోద్దాం."

నేను చెవిన పెట్టలేదు. కంపెనీ వాడు నీళ్ళ పైపులు పెట్టి పంపలేదన్నాను. ఇలాంటి పల్లెటూరి అతుకులు తీసేయడానికే కదా మనం ఉన్నదన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. కాలు కదపడానికి బద్ధకమేసిన వాడెవడో చేత్తో నొక్కడానికి పెట్టించుకుని ఉంటాడని కూడా అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఎన్ని సార్లు గుర్తు చేసుకున్నా వేరే ఎవరూ అన్నట్టు కాదు.

నిమిషంలో కోసేశాను. పైపూ, కమ్మీ వెళ్ళి పాత ఇనుము గోతంలో పడ్డాయి. ఆ వారమే గోతం కూడా వెళ్ళిపోయింది. అసలు పెడల్ కోసం నేనూ భాయ్ చిత్తూరు అంగళ్ళన్నీ తిరిగాం. చివరికి కాట్పాడిలో ఒక పాత ఇనుము అంగడి అడుగున దొరికింది, కంపెనీ గుర్తుతో సహా. ఇంజను నడిచినందుకు కూడా నేను అంత మురిసిపోలేదు. రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని వచ్చాను.

తొలి వానలు రెండు పడ్డాక బండిని తీసుకుని వెళ్ళాం. నేల మెత్తగా, దుక్కికి సరిగ్గా ఉంది. బావమరిది వెనక గొర్రు తగిలించాడు. ఆయన భార్య బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఆయన ఇంట్లోంచి బయటికి వచ్చాడు. చంకలో కర్ర. ఎడమ కాలు సన్నగా, ఈడ్చుకుంటూ వస్తోంది. చిన్నప్పుడే పోలియో వచ్చిన కాలు.

నాకు అప్పటికీ వెలగలేదు. నిజం చెప్పాలంటే, అయ్యో పాపం, అందుకా ఆ రోజు లేవనిది అని మాత్రమే అనుకున్నాను. పక్కన భాయ్ మాత్రం తల దించుకున్నాడు.

ఆయన కర్ర భార్యకిచ్చి, మడ్‌గార్డు పట్టుకుని ఒక్క ఊపున పైకెక్కాడు. ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి ఒక పక్కన పెట్టుకున్నాడు. కుడి చెయ్యి స్టీరింగు మీద వేశాడు. ఎడమ చెయ్యి, చూడకుండానే, పక్కకు చాపాడు. అక్కడ ఏమీ లేదు. చెయ్యి గాలిలో మూసుకుంది, తెరుచుకుంది. అప్పుడు కిందికి చూశాడు.

"నాయన పెట్టిన కడ్డీ యాడుండాది సార్?"

తీసేశానని చెప్పాను. తల కొట్టేసినట్టయింది. ఆయన కోప్పడలేదు. అడగకుండానే నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. పద్నాలుగేళ్ళప్పుడు తన ఈడు పిల్లలంతా తోపుల్లో బండ్లు తోలుతుంటే తను గట్టున కూర్చునేవాడట. ఒక రోజు వాళ్ళ నాయన బావి మోటారు దగ్గర మిగిలిన పైపు తీసుకుని, ఈయన్ని సీటు మీద కూర్చోబెట్టి, ఒకటికి పది సార్లు కొలత చూసుకుని పాకాలలో అతికించుకొచ్చాడట. మొదటి రోజుల్లో వెనక నిలబడి, మలుపు వచ్చినప్పుడల్లా భుజం మీద తట్టేవాడట. ఆ నాయన పోయి చాలా ఏళ్ళయింది.

వెంటనే ఏదో ఒకటి అతికిద్దామని నేను తొందరపడ్డాను. కాట్పాడి నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన పెడల్ పోత ఇనుముది. వెల్డింగు వేస్తే పగులుతుందని భాయ్ చెప్పాడు. అది నాకూ తెలుసు, పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణే. కొత్త కమ్మి చేయించి తేవాలి, నాలుగైదు రోజులు పడుతుందన్నాడు. చెట్లు కొట్టేవాళ్ళు వారంలో వస్తారు, కమ్మి వచ్చేదాకా ఆగుతానన్నాడు ఆయన.

కొలత ఎట్లా తీసుకోవాలో నాకు తోచలేదు. భాయ్ ఆయన్ని మళ్ళీ సీటు మీద కూర్చోమని, కళ్ళు మూసుకుని క్లచ్ పట్టుకొమ్మన్నాడు. ఆయన కళ్ళు మూసుకుని చెయ్యి చాచి పిడికిలి బిగించాడు. ఏమీ లేని చోట ఆ పిడికిలి కదలకుండా నిలిచింది. భాయ్ తన జానతో, బెత్తెలతో కింది నుంచి పిడికిలి దాకా కొలుచుకున్నాడు. నా జేబులో టేపు ఉంది. తీయడానికి చెయ్యి రాలేదు. ఆయన మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే నేను బండి అవతలి పక్కకు వెళ్ళి నిలబడ్డాను.

మరునాడు పాత ఇనుము కొన్నవాడి దగ్గరికి వెళ్ళాను. ఆ లోడు ఎప్పుడో కరిగించడానికి వెళ్ళిపోయిందని చెప్పాడు. ఇంత చిన్న పైపు ముక్క కోసం ఇంత దూరం వచ్చారా సార్ అని నవ్వాడు.

అయిదో రోజు కొత్త కమ్మీ, కొత్త పైపూ బిగించాం. ఈసారి ఆయన చెయ్యి చాపగానే పిడి అందింది. బండి కదిలింది. రెండు వరసల చెట్ల మధ్య, కొమ్మలు తగలకుండా తల వంచుకుంటూ, చివర మలుపు తీసుకుని, మళ్ళీ ఇటు వచ్చాడు. మట్టి వాసన. నాకు పోయిన ప్రాణం తిరిగి వచ్చింది. చేసిన తప్పు దిద్దేశాననే అనుకున్నాను.

సగం తోపు అయ్యాక బండిని గట్టు దగ్గరికి తెచ్చి ఆపాడు. నీళ్ళకనుకుని చెంబు అందించాను. తాగలేదు. ఇంజను కూడా ఆపేశాడు, పిడి మీద చెయ్యి మాత్రం తీయలేదు.

"బాగుండాది సార్. మీరు చేసింది గట్టిగా ఉండాది," అన్నాడు. "మా నాయన పెట్టింది వదులు. మలుపు కాడ గడగడా కొట్టుకునేది. అది ఇనబడితే, ఎనకాల ఆయన నిలబడుకోనుండేటట్టే ఉండేది నాకు. ఇప్పుడు ఎనకాల ఎవురూ లేరు."

భాయ్ గబగబా స్పానరు తీసి బోల్టు వదులు చేయబోయాడు.

"వద్దులే భాయ్," అని ఆయన వారించి, కాలు ఎత్తుకుని దిగాడు. భార్య కర్ర అందించింది. మిగతాది దున్నెయ్యమని బావమరిదికి చెప్పి, వెనక్కి చూడకుండా ఇంటి వైపు నడిచాడు. బావమరిది ఎక్కి, కాలితోనే క్లచ్ తొక్కి, మిగిలిన వరసలు దున్నేశాడు. బండి ఎక్కడా ఆగలేదు, పొగ కూడా కొట్టలేదు.

రెండు రోజులకు తోపు కొట్టేశారు. తోపంతా తనే దున్నాలని ఆయన అడిగిన ఒక్క కోరికలో సగం నా వల్ల పోయింది.