పట్టినవాళ్ల పాయింట్లు

టీవీలో అమెరికా ఫుట్‌బాల్ చూస్తూ మనవరాలు, "అవ్వా, అడ్డుకునేటోళ్లకు వేరే కోచ్ ఉంటడంట" అంది. మా నాయిన మేడ్చల్ కబడ్డీ జట్టులో చేసిన పని అదే. కూతకు వచ్చినవాణ్ణి పట్టడం నేర్పేవాడు. పాయింట్లు రాసేది నేను. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు.

కూతకు వెళ్లి తెచ్చిన పాయింట్లు ఆటగాడి పేరు ఎదుట రాసేదాన్ని. పట్టిన పాయింటును మాత్రం మొత్తంలోనే కలిపేదాన్ని. నలుగురు కలిసి పట్టినదాన్ని ఒక్కడి పేరున ఎలా రాస్తాను?

శామీర్‌పేట మీద మొత్తం ముప్పై ఒక్క పాయింట్లు చేసి గెలిచిన రోజు, జట్టును పోషించే పటేలు నా పుస్తకం తిరగేశాడు.

"ఏందయ్యా, నీ పట్టెటోళ్ల ముంగట అన్ని సున్నలే ఉన్నయి. ఇగ నువ్వెందుకు?"

నాయిన నావైపు చూసి, "బిడ్డ సక్కగనే రాసింది పటేలా" అన్నాడు. మరునాటి నుంచి గ్రౌండుకు పోలేదు.

నన్ను మెచ్చుకున్నాడని మురిసిపోయాను. పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు, పేర్ల ఎదుట ఉన్నవి కూడితే ఇరవై రెండేనని. మిగతా తొమ్మిదీ నాయిన నేర్పిన పట్టులవి. నలుగురిలో నా రాత తప్పనిపించకూడదని ఆయన ఆ మాట అనలేదు. అని ఉండాల్సింది. అక్కడే దిద్దేదాన్ని.